సాగే ఆల్పాకా దారంతో రంగుల స్వెటర్: డిజైన్ ఒళ్లంతా పెట్టాలా, భుజాల చుట్టూ చాలా?

పాలకొల్లు_లేసు
నమస్కారమండీ అందరికీ. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. లేసు అల్లిక మా ఇంట్లో తరతరాల పని. స్వెటర్లూ అల్లుతాను కానీ, ఇన్నాళ్లూ బజార్లో దొరికే ఎక్రిలిక్ ఊలుతోనే. ఇప్పుడు మాంట్రియల్‌లో ఉన్న మా అమ్మాయి ఆల్పాకా దారం (ఆల్పాకా అనే ఒంటె జాతి జంతువు బొచ్చుతో చేసేది) పంపింది, వాళ్లాయనకి స్వెటర్ అల్లిపెట్టమని. లేత గోధుమ రంగు పది ఉండలు, ముదురు నీలం, కుంకుమ రంగు, తెలుపు రెండేసి ఉండలు. చీటీ మీద 50 గ్రాములకు 167 మీటర్లు, 3 మి.మీ. సూది, 10 సెం.మీ.కి 24 కుట్లు, 32 వరసలు అని ఉంది.

దారం చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాదు, అంత మెత్తన. కానీ సాగుతోంది. శాంపిల్ ముక్క అల్లగానే చీటీ మీద ఉన్నట్టే 24 కుట్లు, 32 వరసలు వచ్చాయి. కుంకుడు రసంలో తడిపి, పరిచి ఆరబెట్టాక 23 కుట్లు, 31 వరసలు. రాత్రంతా కింద క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే పొద్దున్నకి 29 వరసలే! చుట్టుకొలత 100 సెం.మీ., చంక దగ్గర నుంచి కింది అంచు దాకా 38 సెం.మీ. కావాలి. ఏ లెక్క పట్టుకోవాలి? ఒళ్లంతా రంగుల డిజైన్ వేస్తే సాగకుండా బిగిసి ఉంటుందని ఒకావిడ చెప్పారు. నిజమేనా?

అమలాపురం_అల్లిక
అక్కా, వేలాడదీసి కూడా కొలిచారు చూశారా, చాలామంది అక్కడిదాకా రారు. వెడల్పుకి ఉతికిన ముక్క లెక్క, పొడవుకి వేలాడిన ముక్క లెక్క పట్టుకోండి. 100 సెం.మీ.కి 230 కుట్లు. 12 కుట్ల డిజైన్ ఏదైనా తిరగాలంటే 228 వేసుకోండి, 19 సార్లు సరిగ్గా వస్తుంది, చుట్టుకొలత 99. చీటీ నమ్మి 240 వేసుంటే ఉతికాక 104 దాటేది.

పొడవు దగ్గరే అసలు తేడా. చీటీ ప్రకారం 38 సెం.మీ.కి 122 వరసలు. ఆ 122 వరసలు ఒంటి మీద వేలాడితే 42 సెం.మీ. అవుతాయి. కాబట్టి 110 వరసల దగ్గర ఆపండి. అల్లుతున్నప్పుడు పొట్టిగా కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. చేతులు కూడా అంతే, మణికట్టుకి రెండు మూడు సెం.మీ. ముందే రిబ్ (నిలువు గీతలుగా సాగే అంచు అల్లిక) మొదలుపెట్టండి.

గోదారి_గట్టు
ఎందుకు సాగుతుందో తెలిస్తే మిగతా నిర్ణయాలు వాటంతటవే తేలతాయి. గొర్రె ఊలు పోగు నిలువునా మెలికలు మెలికలుగా ఉంటుంది. లాగితే సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. ఆల్పాకా పోగులో ఆ మెలికలు బాగా తక్కువ, పైపొర కూడా నున్నన. అందుకే చేతికి అంత మెత్తగా తగులుతుంది, అందుకే ఒకసారి జారిన కుట్టు వెనక్కి రాదు. సురి రకం ఆల్పాకా అయితే మెలికలు దాదాపు ఉండవు, పట్టులా జారుతుంది. మనకి వచ్చే దారాల్లో ఎక్కువ హువకాయా రకమే, అది కొంచెం నయం.

అంటే ఎక్రిలిక్ మీదో గొర్రె ఊలు మీదో రాసిన ప్యాటర్న్‌ని ఉన్నదున్నట్టు ఈ దారంతో అల్లకూడదు. ఆ ప్యాటర్న్ రాసినవాళ్లు దారం వెనక్కి లాక్కుంటుందని లెక్క వేసుకున్నారు. ఇది లాక్కోదు.

నరసాపురం_క్రోషే
అమ్మాయ్, ఒళ్లంతా డిజైన్ వేస్తే బిగిసి ఉంటుందన్న మాటలో నిజం ఉంది. రెండు రంగులతో అల్లేటప్పుడు వాడని రంగు వెనకాల అడ్డంగా పోతుంది కదా, ఆ పోగు బట్టని పట్టి ఉంచుతుంది. సాదా అల్లిక ఎంతైనా వదులే. నేనైతే ఒళ్లంతా వేస్తాను. పది ఉండలు పంపిందంటే పిల్లకీ అదే ఆశ ఉండి ఉంటుంది.

అమలాపురం_అల్లిక
పిన్నిగారూ, ఒక్క మాట. వెనకాల పోయే పోగు అడ్డంగా పోతుంది. అది పట్టి ఉంచేది వెడల్పునే. అక్క స్వెటర్‌కి వచ్చిన ఇబ్బంది పొడవులో. బట్ట కిందకి సాగేటప్పుడు పక్కలకి సన్నబడుతుంది, సన్నబడటాన్ని అడ్డపోగు ఆపలేదు. పైగా రెండు దారాలు కాబట్టి బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఇంకా కిందకి లాగుతుంది.

నరసాపురం_క్రోషే
ఆయ్, అది నేను ఆలోచించలేదు తల్లీ. పొడవుకి పనికిరాదన్నమాట. మరి భుజాల దగ్గర వేస్తే?

అమలాపురం_అల్లిక
అక్కడ వేస్తేనే లాభం. స్వెటర్ బరువంతా మెడ, భుజాల మీద ఆగుతుంది. అక్కడ మెడ పక్కలకి తెరుచుకుపోవడమే పెద్ద బెడద. అడ్డపోగులు సరిగ్గా దాన్నే ఆపుతాయి. ఐస్‌లాండ్ వాళ్ల లోపపేసా స్వెటర్లు చూడండి, ఒళ్లు సాదా, మెడ చుట్టూ గుండ్రంగా డిజైన్. వాళ్లది గరుకు గొర్రె ఊలు, అయినా ఆ పద్ధతి ఈ దారానికి బాగా కుదురుతుంది.

మాంట్రియల్_భీమవరం
నేను ఉండేది అక్కడే కాబట్టి చెబుతున్నాను. జనవరిలో బయట సున్నాకి 20 డిగ్రీల కింద ఉన్నా ఇంట్లో, ఆఫీసులో హీటర్లు ఉంటాయి, మెట్రోలోనూ వెచ్చగానే ఉంటుంది. ఒళ్లంతా రెండు పొరల ఆల్పాకా వేసుకుని ఆఫీసులో కూర్చోలేరు, పది నిమిషాల్లో చెమట పడుతుంది. పోగు మధ్యలో గాలి గదులు ఉంటాయి కాబట్టి ఆల్పాకా పల్చగా ఉన్నా వేడిగానే ఉంటుంది. ఒళ్లు సాదాగా, భుజాల చుట్టూ డిజైన్ ఉంటే కోటు లోపల వేసుకోవచ్చు, ఆఫీసులో విడిగానూ బాగుంటుంది.

ఇంకో సంగతి. ఈ మధ్య ఊదిన దారం వస్తోంది. సన్నటి నైలాన్ వల గొట్టం అల్లి, దాని లోపలికి ఆల్పాకా పోగుల్ని గాలితో ఊదుతారు. డ్రాప్స్ ఎయిర్ అనే దారం అలాంటిదే: 65 శాతం ఆల్పాకా, 28 శాతం పాలిమైడ్ (అంటే నైలాన్), 7 శాతం ఊలు, 50 గ్రాములకు 150 మీటర్లు. 5 మి.మీ. సూది మీద అల్లుతారు కాబట్టి పెద్దవాళ్ల స్వెటర్ 300–350 గ్రాముల్లో అయిపోతుంది. బరువు తక్కువ, వల గొట్టం పట్టి ఉంచుతుంది కాబట్టి జారడమూ తక్కువే. పాలకొల్లు అక్కా, ఇది ఇప్పటి స్వెటర్‌కి కాదు, మీ అమ్మాయి ఈసారి కొనేటప్పుడు చూస్తుందని.

పాలకొల్లు_లేసు
మీరందరూ ఇంత ఓపిగ్గా చెబుతున్నందుకు చాలా సంతోషంగా ఉందండీ. భుజాల చుట్టూనే వేస్తాను. డిజైన్ కొనడం ఇష్టం లేదు, మన చుక్కల ముగ్గు ఒకటి పెట్టాలని ఉంది. సంక్రాంతికి వాళ్లు రాలేరు, కనీసం ముగ్గైనా ఒంటి మీద ఉంటుంది. గళ్ల కాగితం మీద గీస్తే చాలా?

ఉప్పాడ_మగ్గం
అక్కా, గళ్ల కాగితంతో జాగ్రత్త. మేం జాందానీకి గ్రాఫ్ గీసుకునేటప్పుడు కూడా ఇదే చూసుకుంటాం. కుట్టు చదరంగా ఉండదు, పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. 24 కుట్లు, 32 వరసల లెక్కన 12 గళ్లు × 12 గళ్ల పువ్వు గీస్తే 5 సెం.మీ. వెడల్పు, 3.75 సెం.మీ. ఎత్తు వస్తుంది, నొక్కేసినట్టు. రెండు రంగులతో అల్లితే కుట్టు కొంచెం చదరం వైపు జరుగుతుంది, కానీ ఎంత జరుగుతుందో మీ చేతిని బట్టే. అందుకే రంగులతో ఒక ముక్క అల్లి, దాని కొలతతో కాగితం గీసుకోండి. అప్పుడు గీసింది గీసినట్టు వస్తుంది.

ఇంకొకటి. జాందానీలో బుటా దారం బుటా వరకే వెళ్లి అక్కడే వెనక్కి తిరుగుతుంది, వెనక అడ్డపోగు ఉండదు. అందుకే ఎంత దూరదూరంగా పెట్టినా బాధ లేదు. గుండ్రంగా అల్లే స్వెటర్‌లో అలా కుదరదు, రంగు దారం చుట్టంతా తిరగాల్సిందే. కాబట్టి పెద్ద పద్మం ముగ్గు వద్దు. ఒకే రంగు ఐదు కుట్లకి మించి వరసగా రాని చిన్న ముగ్గు ఎంచుకోండి. మించితే మధ్యలో వెనక దారాన్ని అల్లుతున్న దారంతో ఒకసారి మెలేసి పట్టించాలి. ఆల్పాకా పల్చన కాబట్టి ఆ మెలిక ముందు వైపుకి రంగు మచ్చలా కనబడుతుంది. లేత రంగు మీద మరీను.

అమలాపురం_అల్లిక
ఆల్పాకాకి నూగు ఉంటుంది కాబట్టి ఒక్క కుట్టు వెడల్పున్న గీతలు ఉతికాక మసకబారతాయి. ముగ్గులో చుక్కలు ఒక్క కుట్టుతో పెట్టకండి, రెండు కుట్లు రెండు వరసలుగా పెట్టండి. రంగులు ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. గోధుమ రంగు మీద నీలం నిలుస్తుంది. కుంకుమ, నీలం పక్కపక్కన పెడితే ఫొటోలో రెండూ ఒకే బూడిద రంగులో కనబడే ప్రమాదం ఉంది. అలా ఉంటే మధ్యలో తెలుపు రావాలి.

ఏ దారం పైనుంచి, ఏ దారం కింద నుంచి పోతుందో మొదటి వరసలోనే నిర్ణయించుకుని చివరిదాకా మార్చకండి. కింద నుంచి వచ్చే దారం కుట్లు కాస్త పెద్దవిగా, ముందుకి కనబడతాయి. ముగ్గు రంగుని కింద పెట్టండి, గోధుమ రంగుని పైన. మధ్యలో తారుమారైతే ఆ వరస దగ్గర ముగ్గు వెలిసినట్టు కనబడుతుంది, ఉతికినా పోదు. ఒక రంగు కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో పట్టుకుంటే అసలు తారుమారు కాదు. మీకు క్రోషేలో దారం ఎడమచేతి వేలి మీద నడుస్తుంది కదా, ఆ చేతికి ముగ్గు రంగు ఇవ్వండి.

నరసాపురం_క్రోషే
చేతి గురించి నేనూ ఒకటి చెబుతాను. మనం లేసుకి సన్నటి నూలు బిగించి అల్లడం అలవాటైన వాళ్లం. గిరాకీ అంతా ఆ బిగువు మీదే, 2024లో మన నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందన్నా ఆ చేతివాటమే. కానీ ఈ పనిలో అది అడ్డం. వెనక దారం బిగిస్తే ముందు బట్ట ముడతలు పడుతుంది. రంగు మార్చే ముందు కుడి సూది మీద ఉన్న కుట్లని వేలితో వెనక్కి లాగి పరిచి, అప్పుడు రెండో రంగు తీసుకో. ఇంకా బిగుస్తోంది అనుకుంటే స్వెటర్‌ని తిరగేసి, లోపలి వైపు బయటికి ఉండేలా పట్టుకుని అల్లు. వెనక పోగు బయటి చుట్టు మీద నుంచి పోతుంది కాబట్టి దానంతటదే కాస్త పొడుగ్గా పడుతుంది. అదీ చాలకపోతే డిజైన్ వరసలకి మాత్రం సూది పావో అరో మి.మీ. పెంచు.

పాలకొల్లు_లేసు
పిన్నిగారూ, నా చేయి మీరు చూసినట్టే చెప్పారు. రంగుల ముక్క అల్లితే సాదా ముక్క కన్నా బిగువుగానే వస్తోంది. అది సర్క్యులర్ సూది మీద గుండ్రంగా అల్లాలా, అటూ ఇటూ తిప్పి అల్లినా ఫర్వాలేదా?

అమలాపురం_అల్లిక
గుండ్రంగానే అక్కా. తిప్పి అల్లితే పర్ల్ (ఉల్టా కుట్టు) వరసలు వస్తాయి, పర్ల్ బిగువు వేరు. చుట్టు మొత్తం అల్లక్కర్లేదు: 40 కుట్లు వేసి, వరస అయ్యాక తిప్పకుండా కుట్లని సూది మొదటి కొనకి జరిపి, దారం వెనకాల వదులుగా వదిలి మళ్లీ ముందు నుంచే అల్లండి. అయ్యాక వెనక పొడుగు పోగులు మధ్యలో కత్తిరిస్తే ముక్క చదునుగా పరుచుకుంటుంది. అప్పుడు ఉతికి కొలవండి.

వేలాడదీసేటప్పుడు బరువు కూడా లెక్కగా పెట్టండి. చంక కింద ఒళ్లు సుమారు 250 గ్రాములు అనుకుంటే, 100 సెం.మీ. చుట్టు మీద సెం.మీ.కి రెండున్నర గ్రాములు. 15 సెం.మీ. వెడల్పు ముక్కకి 35–40 గ్రాములు చాలు. క్లిప్పులు వంటింటి త్రాసులో తూచి పెట్టండి. ఎక్కువ పెడితే 29 కాదు 27 వరసలు చూపిస్తుంది, మీరు అనవసరంగా పొట్టిగా అల్లేస్తారు.

పాలకొల్లు_లేసు
తూచానండీ ఇప్పుడే. నేను పెట్టిన క్లిప్పులన్నీ కలిపి 38 గ్రాములు. 29 వరసల లెక్క నిలబడింది.

భుజాల డిజైన్‌కి కుట్లు ఇలా వేసుకున్నాను, ఎవరైనా సరిచూడండి. ఒళ్లు 228, చేయి పైభాగం 88 చొప్పున రెండు. చంకల దగ్గర ఒళ్లు నుంచి 24, ఒక్కో చేతి నుంచి 12 పక్కన పెడితే 204, 76, 76. మొత్తం 356. ముగ్గు 8 కుట్లది.

ఉప్పాడ_మగ్గం
సాదా వరసలో నాలుగు తగ్గించి 352 చేసుకోండి. 8 కుట్ల ముగ్గు 44 సార్లు. మొదటి పట్టీ అయ్యాక సాదా వరసలో ఒక్కో ముగ్గుకి రెండు తగ్గిస్తే 264, అక్కడ 6 కుట్ల చిన్న పువ్వు. మళ్లీ రెండు తగ్గిస్తే 176, అక్కడ 4 కుట్ల చుక్కల వరస. తర్వాత ఒకటి తగ్గిస్తే 132. మెడ రిబ్ ముందు సాదాగా 110కి దించండి, 48 సెం.మీ. దాకా వస్తుంది, తల పడుతుంది. తగ్గింపులు ఎప్పుడూ సాదా వరసల్లోనే, ముగ్గు మధ్యలో వద్దు.

కాకినాడ_కుట్టుమిషన్
నేను స్వెటర్లు అల్లను, కుట్టుపని చేస్తాను. ఒకరు ఇలాంటి మెత్తటి దారం స్వెటర్‌కి ముందు భాగం కత్తిరించి జిప్ వేయమని తెచ్చారు. ఇక్కడ ఎవరికైనా ఆ ఆలోచన ఉంటే వినండి. గరుకు గొర్రె ఊలు అయితే పక్కపోగుల్ని పట్టుకుని ఉంటుంది, క్రోషేతో గొలుసు కుట్టు వేసి కత్తిరించినా విడిపోదు. ఆల్పాకా జారుతుంది. కత్తిరించే గీతకి రెండు పక్కలా మిషన్ మీద 2 మి.మీ. చిన్న కుట్టు రెండేసి వరసలు వేయాలి, కింద పల్చటి కాగితం పెట్టి, పాదం ఒత్తిడి తగ్గించి. లేకపోతే మిషనే బట్టని అలలు అలలుగా సాగదీస్తుంది. కుట్టాక కాగితం చింపేసి అప్పుడు కత్తెర. దాని మీద క్రోషే అంచు వేస్తే కత్తిరించిన చోటు లోపలికి పోతుంది.

పాలకొల్లు_లేసు
జిప్ లేదండీ, తలమీంచి తొడుక్కునేదే. కానీ భుజాల దగ్గర కుట్టు అతుకు లేదు కదా, బరువు ఎక్కడ ఆగుతుంది? మెడ సాగిపోతే?

నరసాపురం_క్రోషే
అక్కడే మన పనితనం అమ్మాయ్. స్వెటర్ పూర్తయ్యాక మెడ రిబ్ మొదలయ్యే వరస లోపలి వైపు, చుట్టూ క్రోషే సూదితో జారుకుట్టు వేసెయ్. ఆల్పాకాతో వద్దు, మనం లేసుకి వాడే మెర్సరైజ్డ్ నూలు దారం, రంగు కలిసేది తీసుకో. నూలు సాగదు. వేసేటప్పుడు మాత్రం నీ లేసు బిగువు పెట్టకు, తల దూరి వచ్చేంత వదులు చూసుకో. వెనక మెడ మీద, ఒక భుజం నుంచి ఇంకో భుజం దాకా రెండో వరస కూడా వెయ్యి. కొలతలు తప్పకుండా ఉతకకముందే వేసి, ఉతికాక మళ్లీ చూసుకో.

అమలాపురం_అల్లిక
ఇంత మంచి ఉపాయం నేను వినలేదు పిన్నిగారూ. రిబ్‌ల గురించి కూడా కలుపుతాను. ఆల్పాకా రిబ్ నెల తిరక్కుండానే వదులైపోతుంది. 2.5 మి.మీ. సూదితో, ప్రతి నిట్ (సీదా) కుట్టునీ సూది వెనక వైపున్న పోగులోంచి అల్లితే మెలిక పడి కాస్త బిగుస్తుంది. కింది అంచు, మణికట్టు రిబ్‌లకి అదే మందంలో గొర్రె ఊలు దొరికితే అదే ఉత్తమం. మీ దగ్గర నీలం ఉంది కాబట్టి ఊలు కూడా నీలమే తెప్పిస్తే డిజైన్‌లో భాగంలా ఉంటుంది.

గోదారి_గట్టు
ఆరబెట్టడం గురించి ఎవరూ చెప్పలేదు. మన వైపు ఈ ముసురులో తడిసిన ఆల్పాకా ఒక పట్టాన ఆరదు. దండెం మీద వేయొద్దు, నీళ్ల బరువుతో చేతులూ ఒళ్లూ కిందకి సాగిపోతాయి. గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండకుండా పెద్ద తువ్వాల్లో చుట్టి ఒత్తండి, తువ్వాలు మార్చి మళ్లీ ఒత్తండి. నవారు మంచం మీద పొడి తువ్వాలు పరిచి, కొలత ప్రకారం సర్ది, మంచం కింద నుంచి గాలి ఆడేలా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. పూటకొకసారి తిరగేయండి. కుంకుమ రంగు మీద తడి తెల్లగుడ్డ ఒత్తి రంగు దిగుతుందేమో ముందే చూడండి. దిగితే, డిజైన్‌లో పెట్టకముందే ఆ ఉండల్ని చిలపలుగా చుట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి.

అల్లే మధ్యలో ఆపినప్పుడు ప్లాస్టిక్ కవర్లో మూట కట్టొద్దు, చెమ్మ వాసన పడుతుంది. పాత కాటన్ చీర ముక్కలో చుట్టి, ఎండిన వేపాకు వేసి పెట్టండి.

మాంట్రియల్_భీమవరం
పార్సిల్‌లో పంపేటప్పుడూ మడత పెట్టే పంపండి, హ్యాంగర్ వద్దు. అక్కడ మీ అల్లుడిగారికి కూడా చెప్పండి, బీరువాలో మడత పెట్టి అరలోనే ఉంచమని. చాలా స్వెటర్లు ఒంటి మీద కన్నా హ్యాంగర్ మీదే సాగుతాయి.

పాలకొల్లు_లేసు
అన్నీ రాసుకున్నానండీ. ఒళ్లు 228 కుట్లు, 110 వరసలు, భుజాల చుట్టూ ముగ్గు, మెడ లోపల నూలు జారుకుట్టు. రిబ్‌కి నీలం గొర్రె ఊలు తెప్పిస్తున్నాను. ఇప్పుడు ఉండలు అన్నీ బయట పెట్టి చూస్తే గోధుమ రంగులో ఆరింటి మీద ఒక లాట్ (ఒకేసారి రంగు వేసిన విడత) నంబర్, నాలుగింటి మీద ఇంకో నంబర్ ఉన్నాయి. పగటి వెలుతురులో కొంచెం తేడా తెలుస్తోంది. ఆరు ఉండలతో ఒళ్లు, నాలుగుతో చేతులు అల్లెయ్యనా?

అమలాపురం_అల్లిక
అలా చేస్తే చంక దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది అక్కా, చేయి, ఒళ్లు పక్కపక్కనే ఉంటాయి కదా. రెండు లాట్లూ కలిపి వాడండి: రెండు వరసలు ఒక ఉండతో, రెండు వరసలు ఇంకో లాట్ ఉండతో, ఒళ్లూ చేతులూ రెండింటికీ అలాగే. ఆరు, నాలుగు ఉన్నాయి కాబట్టి చివర్లో మొదటి లాట్ రెండు ఉండలు మిగులుతాయి, భుజాల డిజైన్ వెనక రంగుకి అవి వాడండి. అక్కడ మూడు రంగుల మధ్య తేడా కంటికి ఆనదు. దారం మార్చేటప్పుడు చంక దగ్గర మార్చండి, పాత దారాన్ని కొత్తదాని కిందుగా తిప్పి, గట్టిగా లాగకుండా.

పాలకొల్లు_లేసు
సరేనమ్మా, అలాగే చేస్తాను. రంగుల ముక్క గుండ్రం పద్ధతిలో మళ్లీ అల్లి, ఉతికి, గ్రాఫ్‌తో కలిపి ఇక్కడే ఫొటో పెడతాను. ఉప్పాడ తమ్ముడూ, గ్రాఫ్ మీరు ఒకసారి చూడాలి.

ఉప్పాడ_మగ్గం
తప్పకుండా అక్కా. ముక్క పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, కుట్టు వెడల్పు, ఎత్తు రెండూ కనబడాలి.